రోగి యాచకుడు కాడు

1992 జులై 8వ తేదీ రాత్రి పశ్చిమ బెంగాల్‌లోని మథురాపూర్ స్టేషన్ వద్ద ఒక వ్యవసాయ కార్మికుడు నడుస్తున్న రైలు నుండి జారిపడినాడు. తలకు తీవ్రమైన గాయమై మెదడులో రక్తస్రావం మొదలైనది. స్థానిక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తగిన సాధనాలు లేవు. కలకత్తా నగరానికి తీసుకొనిపోగా ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పడక ఖాళీ లేదన్నారు. మరొక చోట ఆ చికిత్సకు సౌకర్యం లేదన్నారు. ఆ రాత్రంతా అతనిని ఆసుపత్రి నుండి ఆసుపత్రికి త్రిప్పి, తుదకు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చి, సుమారు 17,000 రూపాయలు ఖర్చు పెట్టి ప్రాణం దక్కించుకొన్నారు. అతడు సభ్యుడుగా ఉన్న వ్యవసాయ కార్మిక సంఘం ఊరుకొనలేదు, సుప్రీంకోర్టుకు వెళ్లినది. 1996 మే 6న న్యాయస్థానం తీర్పు చెప్పినది. అవసరమైన వారికి ప్రభుత్వ ఆసుపత్రి సకాలంలో వైద్యం అందించకపోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కును ఉల్లంఘించడమేనన్నది. నిధులు లేవనే సాకుతో ప్రభుత్వం ఈ బాధ్యత నుండి తప్పుకొనజాలదన్నది. బాధితునికి 25,000 రూపాయల పరిహారం ఇప్పించినది.

ఒక్కని గోడు సంఘం గొంతు అయినప్పుడు అది దేశమంతటికీ వర్తించే న్యాయసూత్రమైనది. రోగుల హక్కులు డాక్టర్లకు, లాయర్లకు సంబంధించిన వ్యవహారమనీ, జీతభత్యాలు, బదిలీలు, పదోన్నతులు మాత్రమే కార్మిక సంఘం పనులనీ భావించే మిత్రులు ఇంకా ఉన్నారు. వారు ఈ ఉదంతాన్ని శ్రద్ధగా ఆలోచించవలసినదిగా కోరుతున్నాము.

మనకేమి కొదువ అనే వారికి

రైల్వే ఉద్యోగికి హెల్త్ యూనిట్ ఉన్నది, డివిజనల్ ఆసుపత్రి ఉన్నది, లాలాగూడ, పెరంబూరు వంటి పెద్ద ఆసుపత్రులు ఉన్నవి. తపాలా ఉద్యోగికి హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాలలో సి.జి.హెచ్.ఎస్. ఉన్నది, అది లేని ఊళ్లలో 1944 నాటి వైద్య నిబంధనల ప్రకారం ఖర్చు రాబట్టుకొనే వీలున్నది. ఈ దేశంలో రైతుకూలీకి, చేనేత కార్మికునికి లేని సౌకర్యాలు ఇవి. తరతరాల ఉద్యోగుల ఐక్య కృషి ఫలితంగా ఇవి నిలబడినవి. వీటి విలువను మేము తగ్గించి చెప్పడం లేదు. అయితే ఆసుపత్రి ఉండటం వేరు, ఆ ఆసుపత్రిలో రోగికి హక్కు ఉండటం వేరు. ఈ రెంటికీ ఉన్న తేడా ఆరోగ్యంగా ఉన్నంతకాలం తెలియదు. ఓపీ వరుసలో నిలుచున్న రోజున తెలుస్తుంది.

శాఖా సమావేశాలలో సభ్యులు చెప్పే మాటలను జాగ్రత్తగా వింటే ఒక సంగతి స్పష్టమవుతుంది. వారు అద్భుతాలు కోరడం లేదు. ట్రాక్ మీద పనిచేసే సోదరుడు అడిగేది తన నడుము నొప్పికి కారణమేమిటో తనకు అర్థమయ్యే భాషలో చెప్పమని. పెన్షనరు అడిగేది నెలనెలా వాడవలసిన మందు ‘స్టాకు లేదు’ అన్నప్పుడు ఎప్పుడు వస్తుందో, అంతవరకు బయట కొన్న మందు డబ్బు ఎవరు ఇస్తారో చెప్పమని. సార్టింగు ఆఫీసులో రాత్రి డ్యూటీ చేసే సోదరి అడిగేది పరీక్ష గదికి ఒక తెర, ప్రక్కన ఒక నర్సు. పెద్ద ఆసుపత్రికి రెఫరల్ లెటరు అడిగి తిరుగుతున్న తండ్రి అడిగేది అవునో కాదో ఒక మాట, కాదంటే దానికి కారణం. వీటిలో కోట్ల రూపాయల బడ్జెట్టు కావలసినవి ఎన్ని ఉన్నవి?

మరి వీరిలో ఎక్కువమంది ఫిర్యాదు ఎందుకు వ్రాయరు? రేపు ఫిట్ సర్టిఫికెట్టు వ్రాయవలసినది అదే డాక్టరు. బిల్లుపై సంతకం చేయవలసినది అదే కార్యాలయం. నోరు తెరిస్తే పని చెడుతుందనే భయం రోగి నాలుకను కట్టివేస్తున్నది. భయపడేవానికి కాగితంపై ఉన్న హక్కు అక్కరకు రాదు. ఆ భయాన్ని తొలగించవలసినది సంఘమే.

ఉచితం అనే భ్రమ

‘ఉచితంగా వైద్యం చేస్తున్నాము, ఇంకా ప్రశ్నలా?’ అనే మాట మన సభ్యులు తరచుగా వినేదే. ఈ మాట తప్పని సుప్రీంకోర్టే చెప్పినది. 1995లో వైద్య సేవలు వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి వస్తాయని నిర్ణయించిన సందర్భంలో, ఉద్యోగ నిబంధనలలో భాగంగా యజమాని భరించే వైద్యం ఉచిత వైద్యం కాదని న్యాయస్థానం స్పష్టం చేసినది. ఆ సూత్రం రైల్వే ఆసుపత్రికి వర్తిస్తుందా అనే ప్రశ్న మధ్య రైల్వే ఉద్యోగి ఒకరి కేసులో వచ్చినది. వర్తిస్తుందనీ, ఉద్యోగి ఫిర్యాదును వినియోగదారుల న్యాయస్థానం విచారించవలసినదేననీ సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు 2007 నాటి తీర్పుల సంపుటిలో ప్రచురితమైనది. మన వైద్యం మన శ్రమకు ప్రతిఫలంలో ఒక భాగం. విశ్రాంత రైల్వే ఉద్యోగులు 1997 నాటి ఆరోగ్య పథకంలో చేరడానికి చందా చెల్లించినవారే. కనుక మందుల కిటికీ వద్ద నిలుచున్నవాడు యాచకుడు కాడు. తనకు రావలసిన దానిని అడుగుతున్న హక్కుదారు.

ఈ హక్కు ఉద్యోగ విరమణతో ముగిసేది కూడా కాదు. 1995లోనే ఆస్బెస్టాస్ పరిశ్రమ కార్మికుల కేసులో, సర్వీసులో ఉన్నప్పుడూ ఆ తరువాతనూ కార్మికుని ఆరోగ్యానికి రక్షణ, వైద్య సహాయం ప్రాథమిక హక్కులలో చేరినవేనని సుప్రీంకోర్టు ప్రకటించినది. 2018లో ఒక విశ్రాంత కేంద్ర ప్రభుత్వోద్యోగి విషయంలో మరొక ముఖ్యమైన మాట చెప్పినది. చికిత్స నిజంగా జరిగినదా లేదా అన్నదే చూడవలసిన విషయం. అది రుజువైన తరువాత, ఆసుపత్రి పేరు ప్రభుత్వ జాబితాలో లేదన్న ఒక్క కారణంతో బిల్లును త్రోసిపుచ్చరాదు. గుండెపోటు వచ్చినవాడు జాబితా వెదకి చూసి పడిపోడు గదా! అయినప్పటికీ సాంకేతిక కారణాలతో బిల్లులు తిరిగివస్తూనే ఉన్నవి. తీర్పు సంగతి తెలియని పెన్షనరు తిరిగివచ్చిన బిల్లును పెట్టెలో పెట్టి ఊరుకొంటున్నాడు. సి.జి.హెచ్.ఎస్. అందుబాటులో లేని పెన్షనర్లకు ఇచ్చే స్థిర వైద్య భత్యాన్ని 2017 జులై నుండి నెలకు 1000 రూపాయలుగా నిర్ణయించినారు. మధుమేహం, రక్తపోటు రెండూ ఉన్న వృద్ధ దంపతుల మందుల చీటీ చూసినవారికి ఆ మొత్తం ఎంతవరకు సరిపోతుందో వేరే చెప్పనక్కరలేదు.

సమ్మతి అంటే సంతకం కాదు

జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో 17 హక్కులు ఉన్నవి. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ దానిని 2018లో ప్రజాభిప్రాయం కొరకు ప్రకటించి, 2019లో అమలుకై రాష్ట్రాలకు లేఖ వ్రాసినది. వ్యాధి వివరాలు తెలిసికొనడం, రికార్డుల నకళ్లు పొందడం, అత్యవసర చికిత్స, గోప్యత, మరొక డాక్టరు అభిప్రాయం తీసికొనడం, ధరలు ముందుగా తెలియడం, మందులు నచ్చిన దుకాణంలో కొనుక్కొనడం, ఫిర్యాదు చేసి పరిష్కారం పొందడం మొదలైనవన్నీ అందులో ఉన్నవి. వీటన్నిటికీ మూలం ఒక్కటే: దేహం రోగిది, దానికేమి చేస్తున్నారో తెలిసికొని, అవును అనేందుకు గాని కాదు అనేందుకు గాని అధికారం అతనిదే.

మన ఆసుపత్రులలో సమ్మతి అనగా ఒక ఖాళీ కాగితంపై సంతకం లేదా వేలిముద్రగా దిగజారినది. 2008లో సుప్రీంకోర్టు దీనిని సరిదిద్దినది. పరీక్ష కొరకు మత్తు ఇచ్చిన ఒక స్త్రీకి, ఆమె స్పృహలో లేని సమయంలో తల్లి అంగీకారం తీసికొని గర్భాశయం, అండాశయాలు తొలగించిన కేసు అది. పరీక్షకు ఇచ్చిన సమ్మతి శస్త్రచికిత్సకు చెల్లదనీ, ప్రాణాపాయం లేనప్పుడు రోగి మేల్కొని నిర్ణయించుకొనేవరకు ఆగవలసినదేననీ న్యాయస్థానం చెప్పినది.

మన తెలుగునాట జరిగిన సంగతిని కూడా మరువరాదు. 2009–10లో అప్పటి ఖమ్మం జిల్లాలో సుమారు 14,000 మంది బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సరు నిరోధక టీకా ఒక అధ్యయనంలో భాగంగా వేసినారు. వారిలో గిరిజన వసతి గృహాల బాలికలు అనేకులు. తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సమ్మతి పత్రాలపై సంతకాలు చేసిన సంగతి బయటపడినది. 2010లో ఆ కార్యక్రమాన్ని నిలిపివేసినారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దానిని తీవ్రంగా విమర్శించినది. టీకా మంచిదా కాదా అన్నది ఇక్కడి ప్రశ్న కాదు; టీకాలు కోట్లాది ప్రాణాలను కాపాడినవి. అడవిలో కూలికి పోయిన తండ్రిని అడగనక్కరలేదని నిర్ణయించినది ఎవరు అన్నదే ప్రశ్న. మేలు చేయడానికైనా అడిగి చేయవలెను. పేదవానిని అడగనక్కరలేదనుకొనేవారు ఈనాడు మేలు చేసినా, రేపు కీడు చేసేటప్పుడూ అడగరు.

డాక్టరు ఎవరి పక్షం?

రైల్వేలో ఈ సమస్యకు ఒక ప్రత్యేక రూపం ఉన్నది. రైల్వే డాక్టరు రెండు కుర్చీలలో కూర్చుంటాడు. ఒక కుర్చీలో అతడు చికిత్సకుడు. మరొక కుర్చీలో యాజమాన్యం తరఫున ఫిట్, అన్‌ఫిట్ తేల్చే పరీక్షకుడు. ఏ-1 కేటగిరీలో ఉన్న లోకో పైలట్‌కు చూపు మందగించినా, షుగరు పెరిగినా మొదట కలిగే ఆలోచన ‘ఈ సంగతి డాక్టరుకు చెప్పితే ఇంజను దిగవలసి వస్తుందేమో’ అన్నదే. రన్నింగ్ అలవెన్సు పోతుంది, చిన్నప్పటి నుండి కోరుకొన్న పని పోతుంది. అందుచేత అతడు ఊరిలోని ప్రైవేటు డాక్టరు వద్దకు రహస్యంగా పోతాడు, లేదా పోనే పోడు. ఈ దాపరికం వలన ముందు నష్టపోయేది అతని ఆరోగ్యం, ఆ తరువాత రైలులో ఉన్న వేలాది ప్రయాణికుల భద్రత.

ప్రయాణికుల భద్రత దృష్ట్యా డ్రైవరు యోగ్యతను తెలిసికొనే అధికారం యాజమాన్యానికి ఉన్నదని మేము నిస్సంకోచంగా అంగీకరిస్తున్నాము. అయితే ఫిట్ లేదా అన్‌ఫిట్ అన్నంతవరకే కార్యాలయానికి తెలియవలెను. అతని రోగ చరిత్ర అంతా గుమాస్తాల బల్లల మీద తిరగనక్కరలేదు. రోగం బయటపడితే బ్రతుకు పోదనే హామీ ఉన్ననాడే దాపరికం పోతుంది. ఆ హామీ చట్టంలో ఉన్నది. సర్వీసులో వైకల్యం పొందిన ప్రభుత్వోద్యోగిని తొలగించరాదనీ, హోదా తగ్గించరాదనీ, అదే వేతన శ్రేణిలో తగిన పని చూపవలెననీ, అట్టి పని దొరికేవరకు అదనపు పోస్టులో ఉంచవలెననీ 1995 నాటి చట్టం నిర్దేశించినది; 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దానిని కొనసాగించినది. డీకేటగరైజ్ అయిన సోదరునికి ఈ సంగతి డాక్టరు గదిలోనే లిఖితపూర్వకంగా తెలియజేయవలెను. చికిత్స చేసే డాక్టరు, యోగ్యతను తేల్చే డాక్టరు వేరువేరుగా ఉండవలెనన్నది మా డిమాండు.

మన ప్రక్కనే ఉన్నవారు

మన హక్కులను గురించి మాట్లాడేటప్పుడు మన ప్రక్కనే పనిచేస్తూ ఏ రక్షణా లేనివారిని విస్మరిస్తే అది కార్మికోద్యమం అనిపించుకొనదు. పల్లెలో ఉత్తరాలు పంచే గ్రామీణ డాక్ సేవక్‌ను శాఖ పూర్తి స్థాయి ఉద్యోగిగా గుర్తించదు, కనుక సి.జి.హెచ్.ఎస్. గాని, 1944 నిబంధనలు గాని అతనికి వర్తించవు. బోగీలు శుభ్రపరిచే కాంట్రాక్టు కార్మికురాలు రైల్వే ఆసుపత్రి ప్రహరీ ప్రక్కనే పనిచేస్తుంది, కాని రోగం వస్తే లోపలికి పోలేదు. ఆమెకు ఇ.ఎస్.ఐ. ఉండవలెను. ఆ పథకానికి వేతన పరిమితిని 2017లో నెలకు 21,000 రూపాయలుగా నిర్ణయించినారు. కాంట్రాక్టరు చందా కట్టకపోతే ప్రధాన యజమాని కట్టవలసినదే. ఈ చందా సక్రమంగా జమ అవుతున్నదో లేదో కనుక్కొనడం ప్రతి శాఖకూ సాధ్యమైన పని.

వైద్య సిబ్బంది మన శత్రువులు కారు

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పవలసి ఉన్నది. హక్కుల ప్రచారం డాక్టర్లపై దాడులకు దారితీస్తుందని కొందరు భయపడుతున్నారు. డాక్టరుపై, నర్సుపై చేయి చేసికొనడాన్ని మేము తీవ్రంగా ఖండిస్తున్నాము. ఫిర్యాదుకు మార్గం ఉన్నచోట దాడి జరగడం అరుదు. ఏ మార్గమూ లేనిచోటనే దుఃఖం దౌర్జన్యంగా మారుతుంది. ఖాళీలు నింపకుండా ఒక్క డాక్టరు చేత ముగ్గురి పని చేయించేది నర్సు కాదు, ఫార్మసిస్టు కాదు. నిమిషానికొక రోగిని చూడవలసి వచ్చిన డాక్టరు వివరించి చెప్పలేడు. వివరణ దొరకని రోగి అతనినే దోషి అనుకొంటాడు. వారిద్దరి మధ్య తగవు పెట్టిన ఖాళీ పోస్టు మాత్రం ఎవరి కంటికీ కనబడదు.

రాజస్థాన్ అనుభవం ఇందుకు తార్కాణం. 2023లో ఆ రాష్ట్ర శాసనసభ ఆరోగ్య హక్కు చట్టాన్ని ఆమోదించినది. దేశంలో ఇట్టి చట్టం అదే మొదటిది. అత్యవసర చికిత్సకు ముందుగా డబ్బు అడగరాదన్న నిబంధనను ప్రైవేటు డాక్టర్లు వ్యతిరేకించి ఆందోళనకు దిగినారు. ఆ ఖర్చు ఎవరు భరిస్తారని వారు అడిగినది న్యాయమైన ప్రశ్నే. కాని దానికి జవాబు చెప్పవలసినది ప్రభుత్వం. రోగిని గుమ్మం ముందు నిలబెట్టడం జవాబు కాదు. ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడవలెనని 1989లోనే సుప్రీంకోర్టు ఆదేశించినది. కనుక ఖాళీల భర్తీ కొరకు వైద్య సిబ్బంది చేసే ఆందోళనను మన ఆందోళనగానే భావించవలెను. రోగి కూడా తన వంతు బాధ్యత నెరవేర్చవలెను: వ్యాధి వివరాలు దాచకుండా చెప్పడం, వరుస పాటించడం, అనవసరపు సర్టిఫికెట్ల కొరకు డాక్టరును ఒత్తిడి చేయకపోవడం.

సిఫారసు కాదు, నియమం

ఒక దురాచారాన్ని గురించి నిర్మొహమాటంగా చెప్పవలసి ఉన్నది. నాయకుడు ఫోను చేస్తే పడక దొరుకుతుంది, రెఫరల్ లెటరు వస్తుంది. ఇది సంఘం పలుకుబడికి నిదర్శనమని కొందరు భావిస్తారు. సిఫారసుతో దొరికినది హక్కు కాదు, ఉపకారం. పైగా నాయకునికి పరిచయమున్న సభ్యునికి దొరికిన పడక, మారుమూల స్టేషన్‌లో ఎవరికీ తెలియని పాయింట్స్‌మన్‌కు దొరకవలసినది కావచ్చును. అతనికి ఫోను చేసే నాయకుడు లేడు. అతనికి కావలసినది గోడ మీద వ్రాసిన నియమం.

కనుక మేము ఈ క్రింది కోర్కెలను సభ్యుల ముందు, యాజమాన్యం ముందు ఉంచుతున్నాము:

1. రోగుల 17 హక్కులను ప్రతి హెల్త్ యూనిట్‌లో, ఆసుపత్రిలో, వెల్‌నెస్ సెంటర్‌లో స్థానిక భాషలో ప్రదర్శించవలెను.

2. రెఫరల్ నిరాకరించినా, మందు లేదన్నా, బిల్లు త్రిప్పి పంపినా కారణాన్ని వ్రాతపూర్వకంగా, తేదీతో సహా ఇవ్వవలెను.

3. అడిగిన రోగికి వైద్య రికార్డులను 72 గంటలలో ఇవ్వవలెనని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెప్పుచున్నది. దానిని అక్షరాలా అమలు జరపవలెను.

4. ప్రతి ఆసుపత్రి సలహా సంఘంలో ఒక స్త్రీకి, ఒక పెన్షనరుకు స్థానం కల్పించవలెను.

5. ఫిర్యాదు చేసిన ఉద్యోగిపై సిక్ లీవు విషయంలో గాని, ఫిట్ సర్టిఫికెట్టు విషయంలో గాని కక్ష సాధింపు జరగకుండా రక్షణ ఉండవలెను.

6. గ్రామీణ డాక్ సేవక్‌లకు, కాంట్రాక్టు కార్మికులకు కుటుంబ సమేతంగా వైద్య రక్షణ కల్పించవలెను.

కోర్కెల పత్రం సమర్పించి కూర్చుంటే చాలదు. ప్రతి శాఖ తన సభ్యులలో ఒకరిని రోగుల ప్రతినిధిగా ఎన్నుకొనవలెను. అతని వద్ద ఒక సాధారణ రిజిస్టరు ఉండవలెను. ఎవరికి, ఏ తేదీన, ఏ మందు లేదన్నారు. ఎవరి బిల్లు ఏ కారణంతో ఎన్ని రోజులుగా ఆగినది. ఏ సోదరికి ఎట్టి అవమానం జరిగినది అందులో వ్రాయవలెను. గోప్యత కోరినవారి పేరు బయటపెట్టరాదు. ఆరు నెలల రిజిస్టరుతో పి.ఎన్.ఎం. సమావేశానికి పోయిన ప్రతినిధికి, వట్టి చేతులతో పోయిన ప్రతినిధికి లభించే జవాబులు ఒకే విధంగా ఉండవు. అధికారి ఆవేశపూరితమైన ఉపన్యాసానికి లొంగడు గాని, తేదీలతో సహా వ్రాసిన పట్టికకు సమాధానం చెప్పక తప్పదు.

ధనం లేని కారణంగా ఏ వ్యక్తికీ వైద్యం దూరం కారాదని 1946లో భోర్ కమిటీ చెప్పినది. 2000 సంవత్సరం నాటికి అందరికీ ఆరోగ్యం అని 1978లో ఆల్మా ఆటాలో ప్రపంచ దేశాలు ప్రతిజ్ఞ చేసినవి. ఆ గడువు దాటిపోయి పాతికేళ్లయినది. ప్రతిజ్ఞలు వాటంతట అవి నెరవేరవు. అడిగేవాడు ఉన్నచోటనే నెరవేరుతవి. కార్మిక సోదర సోదరీమణులారా! వచ్చే శాఖా సమావేశపు ఎజెండాలో ఈ అంశాన్ని చేర్చండి. ప్రతినిధిని ఎన్నుకొనండి. రిజిస్టరులో మొదటి పుట తెరవండి.